ఖర్జూర పుప్పొడికి కీళ్ళ నొప్పుల మందు

ఇది ఏం పని అంటే

ఈ వృత్తిలోకి కొత్తగా వస్తున్న పిల్లలకు ముందే చెప్పేస్తున్నాను. మీరు ఏం పని చేస్తారో మీ ఇంట్లోవాళ్ళకు చివరిదాకా అర్థం కాదు. నేను ఖతర్‌లో అన్నేళ్ళు పనిచేసి, రిటైరై జగిత్యాల వచ్చాక కూడా మా అత్తమ్మ చుట్టాలకు నన్ను ఇలాగే పరిచయం చేస్తుంది: "మా పెద్ద కోడలు. దుబాయ్‌ల ఈతచెట్లకు సూదులేసేది." దుబాయ్ కాదు ఖతర్ అంటే, "అదే, దుబాయ్‌ల ఖతర్" అంటుంది. ఈతచెట్లు కావు, ఖర్జూర చెట్లు అని చెప్పడం మానేసి చాలా కాలమైంది. సూదుల సంగతి మాత్రం నిజం కాబట్టి ఒప్పుకోక తప్పదు.

నాకు ఏ ఏడు ఏ ప్రమోషన్ వచ్చిందో ఇక్కడ రాయను. రాసేటన్ని రాలేదు కూడా. నా పని పుప్పొడి చూడటం. చెట్టు పుప్పొడి తయారుచేసుకునేటప్పుడు ఆ చిన్న కణాల లోపల ఏం జరుగుతుంది, మనం మందులు పెడితే అందులో ఏది చెడుతుంది అన్నది మైక్రోస్కోప్‌లో చూసి చెప్పాలి. ఎక్కువసార్లు "చెడింది" అనే చెప్పాల్సి వచ్చేది. అందుకే మా ఆఫీసువాళ్ళు నన్ను ఇళ్ళల్లో భోజనాలకు పిలిచేవారు గానీ మీటింగులకు పిలిచేవారు కాదు.

ఖర్జూరం గురించి రెండు ముక్కలు తెలిస్తే మిగతాదంతా అర్థమవుతుంది. మా వైపు తాళ్ళలో పోతుతాడు, పండుతాడు వేరువేరుగా ఉన్నట్టే ఖర్జూరంలోనూ మగ చెట్టు వేరు, ఆడ చెట్టు వేరు. చలికాలం వెళ్ళేటప్పుడు మగ చెట్టు పుప్పొడి తీసి, మనిషి ఎక్కి, ఆడ చెట్టుకు వచ్చిన ఒక్కో పూగెల మీద చల్లాలి. గాలిని నమ్ముకుంటే పంట రాదు. చల్లకపోతే, లేదా చల్లిన పుప్పొడిలో జీవం లేకపోతే, కాయలు వస్తాయి గానీ చిన్నగా ఉండిపోతాయి. సరిగ్గా పండవు, రుచి ఉండదు, లోపల గింజ ఉండదు. అక్కడివాళ్ళు దాన్ని షీస్ అంటారు. మేకలకు వేస్తారు.

ఈ షీస్ ముక్క గుర్తుపెట్టుకోండి. మా ముదీర్ గారు గుర్తుపెట్టుకోలేదు. ముదీర్ అంటే అక్కడ డైరెక్టరు, మేనేజరు, మన నెత్తిమీద కూర్చున్న ఎవరైనా.

పక్కన పెట్టిన సగం

నాకు పని నేర్పింది సరళాదేవి మేడమ్. హైదరాబాద్‌లో ఆవిడ ల్యాబ్‌లో చేరిన రోజే ఏదో ఒక మందు పెట్టి చూద్దామని ఉత్సాహపడ్డాను. ఆవిడ కళ్ళద్దాల మీదుగా చూసి, "మందు పెడితే చెడిందో లేదో నీకెట్ల తెలుస్తది? మంచిది ఎట్లుంటదో చూసినవా?" అని, మామూలు పుప్పొడి ముందు కూర్చోబెట్టింది. నేను విసుగెత్తి ఏడుపు మొహం పెట్టేదాకా అదే చూపించింది. ఇంకో అలవాటు కూడా అంటించింది. ఏ చెట్టుకు ఏ మందు పెట్టినా, ఆ చెట్టులోనే కొంత భాగానికి మందు పెట్టకుండా పక్కన ఉంచాలి. ఎవరు అడిగినా, ఎవరు అరిచినా ఉంచాలి. చాలామంది బాస్‌లకు ఇది దండగగా కనిపిస్తుంది. మందు పెట్టనిది ఫొటోలో ఏం విశేషంగా ఉంటుంది చెప్పండి.

బాస్‌లు రెండు రకాలు. మైక్రోస్కోప్‌లో చూసేవాళ్ళు కొందరు, మైక్రోస్కోప్ పక్కన నిలబడి ఫొటో దిగేవాళ్ళు కొందరు. మొదటి రకం దగ్గర పని నేర్చుకుని రెండో రకం దగ్గర జీతం తీసుకోవడమే మన వృత్తి జీవితం.

గింజ తీసేసే పథకం

ప్రభాకర్ గారు గుంటూరు మనిషి. మంచి చదువు, అంతకంటే మంచి సూట్లు. మా ఖర్జూర పరిశోధన కేంద్రానికి డైరెక్టరుగా వచ్చి వెస్ట్ బేలో ఒక టవర్ పైఅంతస్తులో కూర్చున్నారు. మా ల్యాబ్ అల్ ఖోర్ వెళ్ళే దారిలో, దుమ్ములో ఉండేది. ఆయన ల్యాబ్‌కు మొదటిసారి వచ్చినప్పుడు మర్యాదగా మైక్రోస్కోప్‌లో ఒకసారి చూడమన్నాను. వంగి చాలాసేపు చూశారు.

"అద్భుతం! ఏవో నల్లటి గీతలు కదులుతున్నాయండీ. మీరు చెప్పే దారాలు అవేనా?"

"అవి మీ కనురెప్పలు సార్," అన్నాను.

మా ల్యాబ్ అసిస్టెంటు, వ్యాన్ డ్రైవరు, అన్నీ అయిన నిజామాబాద్ కరీం వెంటనే బయటకు వెళ్ళి చాలాసేపు దగ్గాడు. ప్రభాకర్ గారు మళ్ళీ మైక్రోస్కోప్ జోలికి రాలేదు.

ఆయన పథకం గింజ లేని ఖర్జూరం. వినడానికి బాగుంటుంది. శాస్త్రం కూడా అబద్ధం కాదు. పుప్పొడి తయారయ్యేటప్పుడు కణం చీలుతుంది. అప్పుడు లోపల సన్నటి దారాలు పుట్టి, క్రోమోజోములను అటు సగం, ఇటు సగం లాగి పంచుతాయి. కాల్చిసిన్ అనే మందు ఆ దారాలను పుట్టనివ్వదు. దాంతో పంపకం ఆగిపోతుంది. అన్నదమ్ములు వేరుపడకుండా ఒకే ఇంట్లో ఉండిపోయినట్టు రెండు వాటాలూ ఒకే పుప్పొడి రేణువులో ఉండిపోతాయి. అలాంటి రేణువు మామూలు ఆడ పువ్వుతో కలిస్తే ఆ గింజలో మూడు వాటాలు ఉంటాయి. ఆ గింజ నాటాలి. అది చెట్టవ్వాలి. కొన్నేళ్ళకు అది ఆడదని తేలాలి. అప్పుడు ఆ చెట్టుకు కాసే పండ్లలో గింజ ఉండదు.

అంటే ఈ ఏడు పుప్పొడి చల్లితే ఈ ఏడు కాయల్లో గింజ ఉండాలి. ఉంటేనే మనం గెలిచినట్టు. ఈ మాట నేను ప్రభాకర్ గారికి మూడు రకాలుగా చెప్పాను. బొమ్మ గీసి చెప్పాను. ఆయన తల ఊపారు. చివరికి ఇలా అన్నారు.

"అర్థమైందండీ. గింజ లేని ఖర్జూరం. జులైలో ఎగ్జిబిషన్ ఉంది, అప్పటికి పళ్ళెంలో పెట్టేద్దాం."

ప్రయోగానికి తోట ఇచ్చింది అబూ సాలెం. అల్ ఖోర్ దగ్గర పాత తోట, ఖలాస్ రకం చెట్లు. ఆయన పెద్దమనిషి. ఎన్నో ఏళ్ళుగా మన పనివాళ్ళతో మాట్లాడి మాట్లాడి బజారు హిందీ బాగా పట్టుబడింది. ఆ హిందీలోనే నవ్వకుండా జోకులు వేసేవాడు. తోట అసలు ఆయన తల్లిది. గేటు దగ్గర మొదటి వరసలో ఉన్న చెట్టు ఆవిడ పెళ్ళయి వచ్చిన కొత్తలో పాతినది. ఆవిడ బాగా ముసలిదై చక్రాల కుర్చీకే పరిమితమైంది. అయినా ప్రతి ఏడూ ఎండాకాలం ఆ చెట్టు కింద కుర్చీ వేయించుకుని, సగం పండిన మొదటి పండ్లు అక్కడే తినేది. కొన్న ఖర్జూరం నోట్లో పెట్టేది కాదు. వచ్చే ఏడు చూస్తానో లేదో అని ప్రతి ఏడూ అనేదట. ఆ ఏడు మాత్రం డాక్టర్లు కూడా అదే అన్నారు.

మందు పేరు వినగానే అబూ సాలెం తన కాలి బొటనవేలు చూపించాడు. "ఇది నా వాపుకి డాక్టర్ రాసిచ్చే మందే కదా? ఏం, నా చెట్లకు కూడా కీళ్ళ నొప్పులు వచ్చాయా?"

ప్రభాకర్ గారు పెద్దగా నవ్వారు. ఆయన జోకు అనుకున్నారు. నిజానికి అది అదే మందు.

ఫొటోకు దిగిన పూగెలలు

కొత్తవాళ్ళు బాగా వినాల్సింది ఇక్కడ. పుప్పొడి పంపకాలు జరిగే సమయం చాలా చిన్నది. మగ చెట్టు పూగెల గట్టి తొడుగులో, మట్టల మొదళ్ళలో దాక్కుని ఉంటుంది. అది బయటకు కనిపించకముందే లోపల పంపకాలు మొదలవుతాయి. అప్పుడే మందు అందాలి. ముందుగా పెడితే కణాలు చస్తాయి. ఆలస్యమైతే పంపకాలు అయిపోయి ఉంటాయి. అప్పుడు మందు వేరే పని చెడగొడుతుంది. రేణువు లోపల మగకణం తయారు కావడానికి ఇంకో చీలిక జరగాలి, దానికీ దారాలే కావాలి. అది ఆగిపోతే రేణువు పైకి బొద్దుగానే ఉంటుంది గానీ లోపల సరుకు ఉండదు.

నేనూ కరీం మట్టలు పక్కకు వంచి, ముళ్ళు గుచ్చుకుంటూ, దాక్కున్న పూగెలలు కొన్నింటిని వెతికి, కొద్దిగా కోసి చూసి, సమయం సరిపోయిన వాటికి సూది వేశాం. చేతులు గీరుకుపోయాయి. ఒక్క ఫొటో కూడా తీయలేదు, ఎందుకంటే అక్కడ కనిపించడానికి ఏమీ లేదు.

తర్వాత ఒకరోజు కరీం పరుగెత్తుకుంటూ వచ్చాడు. "మేడమ్, ముదీర్ సాబ్ ఫొటోగ్రాఫర్‌ని తోల్కొని వచ్చిండు. తెల్ల కోటు ఏస్కున్నడు. సూది ఆయనే ఏస్తడంట!"

పోయి చూస్తే, ప్రభాకర్ గారు బయటకు వచ్చి నిండుగా ఎదిగిన పూగెలలకు వరసగా సూదులు వేస్తున్నారు. ఫొటోలో కనపడాలంటే పూగెల పెద్దది కావాలి మరి. అది పెద్దదయ్యేసరికి లోపల పంపకాలు ఎప్పుడో ముగిసి ఉంటాయి. ఆ మాట చెప్పబోతే, "ఒక్క నిమిషం, ఎండ బాగుంది," అన్నారు.

తోటలో మగ చెట్లు కొన్నే. అన్నింటికీ, అన్ని పూగెలలకూ మందు పెట్టమని ఆర్డరు. బయటి పుప్పొడి ఈ ఏడు తోటలోకి రాకూడదని అబూ సాలెంకు కూడా చెప్పారు. ఫొటోగ్రాఫర్ ముందు వైపే ఉన్నాడు కాబట్టి వెనక వైపు కొన్ని పూగెలలు మిగిలాయి. కరీం నా మొహం చూశాడు.

"వీటికి ఏస్దామా మేడమ్?"

"వద్దు. గుడ్డ కట్టి వదిలేయ్. ఇవి మా సరళాదేవి మేడమ్‌వి."

"ఆమె ఎవలు?"

"నాకు ముదీర్."

చుక్కలో కనిపించింది

పుప్పొడి పండింది. ఆరబెట్టి తెచ్చాం. నేనూ కరీం వేళకు సూది వేసిన పూగెలల పుప్పొడి, ప్రభాకర్ గారి ఎండ పూగెలల పుప్పొడి రెండూ విడివిడిగా పెట్టమన్నాను. ఆయన అసిస్టెంట్లు అన్నీ ఒకే సీసాలో పోసి బాగా కలిపారు. "టోటల్ వాల్యూమ్ బాగుంది" అని ఆఫీసులో చప్పట్లు కొట్టారని విన్నాను.

నేను చూసిందంతా మామూలు భాషలో చెప్తాను. మందు పెట్టని పుప్పొడి రంగు వేయగానే ఎర్రగా నిండింది. చక్కెర నీళ్ళ చుక్కలో వేస్తే కాసేపటికే ఒక్కో రేణువు నుంచి సన్నటి గొట్టం బయటకు వచ్చింది. పువ్వులో గింజ కట్టే చోటిదాకా వెళ్ళాల్సింది ఆ గొట్టమే. అది వస్తే ప్రాణం ఉన్నట్టు. ఇక సీసాలోది చూస్తే, రేణువులకు అన్నం పెట్టి పెంచే లోపలి పొర మందు దెబ్బకు ముందే కూలిపోయింది. అందుకే చాలా రేణువులు ముడతలు పడి ఖాళీగా ఉన్నాయి. కొన్ని బొద్దుగా ఉన్నాయి, మగకణం లేదు. చక్కెర చుక్కలో ఏదీ కదల్లేదు. స్లైడ్ మీద స్లైడ్ చూస్తూ పోయాను.

చివరికి ఒక చుక్కలో ఒక పెద్ద రేణువు, దాని పక్కనే చిన్నగా ఒక గొట్టం కనిపించాయి. ఇంకో చుక్కలో ఇంకోటి. రెండు వాటాలూ ఒకే ఇంట్లో ఉండి, బతికి బయటపడ్డవి. అందులో ఎక్కువ మా ముళ్ళ పూగెలలవే అయి ఉంటాయి. నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను. ల్యాబ్‌లో ఒక్కదాన్నే చప్పట్లు కొట్టుకున్నాను. అంత చచ్చిన పుప్పొడిలో ఇంత కొద్దిగా బతికుంటే, దాంతో ఒక తోట మొత్తాన్ని పండించలేమని కూడా అప్పుడే అర్థమైంది.

"సార్, సీసాలో పుప్పొడి దాదాపు చచ్చింది. ఒక్క చెట్టు మీద ప్రయోగానికి సరిపోతుంది. తోటకు చల్లితే అంతా షీస్ అవుతుంది," అని ఫోన్ చేశాను.

"రేణువులు పెద్దగా ఉన్నాయా లేవా?"

"ఉన్నాయి, కానీ..."

"అంతే. పెద్దగా ఉన్నాయి అంటే పనిచేసినట్టే. కానీలు వద్దండీ. మొదటి వరసకు నిన్ననే చల్లించేశాం."

మొదటి వరస

బజారులో మంచి పుప్పొడి దొరుకుతుంది. అబూ సాలెం కొనుక్కోవచ్చు. కొనాలంటే ముందు తన తోట పుప్పొడి చచ్చిందని ఆయనకు తెలియాలి. కేంద్రం వాళ్ళు సీసా తెచ్చి చేతిలో పెడితే ఎవరు అనుమానిస్తారు? ఆడ పూగెల విచ్చుకున్నాక కొద్దిరోజులే పుప్పొడి తీసుకుంటుంది. ఆ రోజులు దాటితే ఆ ఏడు అంతే.

రిపోర్టులు పైకే పోవాలి, రైతుకు పోకూడదు అని మాకు రూలు. ఆ రూలు పెట్టినవాళ్ళు ఏ తోటలోనూ నిలబడి ఉండరు. నేను కరీంతో వ్యాన్ తీయమన్నాను.

"ముదీర్ సాబ్‌కు తెలిస్తే మన ఇద్దరి వీసా మాఫీ అయితది మేడమ్," అన్నాడు. మాఫీ అంటే అక్కడి మాటలో లేకుండా పోవడం. ఆ మాట అంటూనే తాళం చెవి తీసుకున్నాడు. "యల్లా, పోదాం పా. ఏమైతే అదైతది."

అబూ సాలెం ఖహ్వా, అంటే వాళ్ళ కాఫీ, పోయించి, నేను చెప్పిందంతా వింటూ కూర్చున్నాడు. అంతా అయ్యాక గేటు వైపు చూశాడు.

"మొదటి వరసకు చల్లేశారు. అమ్మ చెట్టు అందులోదే."

ఆ చెట్టు దాకా నడిచాం. పైన విచ్చుకున్న పూగెలలన్నింటికీ ఎర్ర రిబ్బన్లు కట్టి, మీద కాగితం సంచులు తొడిగి ఉన్నాయి, ప్రభాకర్ గారి గుర్తులు. కరీం చెట్టెక్కి మట్టలు కదిపి కిందకు అరిచాడు. "మేడమ్, ఇంకా ఇచ్చుకోనివి ఉన్నయ్! లోపల మూడు నాలుగు ఉన్నయ్!"

ఖర్జూరంలో పూగెలలన్నీ ఒక్కసారే విచ్చుకోవు. ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి. నేను ఫ్రిజ్‌లో దాచిన మందు పెట్టని పుప్పొడి కొంచెమే ఉంది, ఒక్క చెట్టుకు సరిపోతుంది. అది అమ్మ చెట్టుకని చెప్పాను. ఎర్ర రిబ్బన్లవి అలాగే వదిలేయమని అడిగాను, ఆ పెద్ద రేణువుల సంగతి తేలాలి కదా. మిగతా తోటకు ఆయన బజారు నుంచి తెప్పించుకున్నాడు. కేంద్రం సీసాను ఏం చేశాడో నేను అడగలేదు, ఆయన చెప్పలేదు.

బయలుదేరేటప్పుడు, డాక్టరమ్మను అరబ్బీలో పిలిచినట్టు పిలిచి అన్నాడు. "దుక్తూరా, నువ్వు వచ్చి చెప్పావని నేను ఎవరికీ చెప్పను. మా వాళ్ళు పుప్పొడి తప్పుగా చల్లారని చెప్తాను. నన్ను ముదీర్ ఏం చేస్తాడు?"

పైఅంతస్తు

చెప్పకపోయినా తెలిసింది. ఇలాంటివి తెలుస్తూనే ఉంటాయి. వెస్ట్ బేకు పిలిచారు. లిఫ్ట్ ఎక్కుతుంటే చెవులు మూసుకుపోయాయి. అక్కడ పనిచేసేవాళ్ళకు అవి మళ్ళీ తెరుచుకోవనుకుంటా.

"మీరు కేంద్రం పరువు తీశారు రాజ్యలక్ష్మిగారూ. రైతుకు చెప్పాల్సిన అవసరం ఏమొచ్చింది?"

"చెట్లు ఆయనవి సార్."

"మీది మొదటి నుంచీ నెగెటివ్ మైండ్‌సెట్. జులైలో మొదటి వరసలో గింజ లేకుండా కాయలు వస్తాయా, రావా? అది చెప్పండి."

"వస్తాయి."

"మరి! గెలిచినట్టేగా?"

"సార్, గింజ ఉంటేనే మనం గెలిచినట్టు. గింజ లేకపోతే పుప్పొడి చచ్చినట్టు. మొదట్లోనే బొమ్మ గీసి..."

"గింజ లేని ఖర్జూరం ప్రాజెక్టులో గింజ ఉంటే గెలుపా? ఆ లైను మాత్రం స్లైడ్లలో ఎక్కడా రాకూడదు," అన్నారు.

నన్ను తీసేయలేదు. తీసేస్తే మైక్రోస్కోప్‌లో ఎవరు చూస్తారు? ఎగ్జిబిషన్ పని నుంచి మాత్రం తప్పించారు. అల్ అజీజియాలో మా ఫ్లాట్‌కు పోయి, ఆ రాత్రి కడుపునిండా తిని హాయిగా పడుకున్నాను. శిక్షల్లో అంత మంచిది నాకు ఇంకోటి తెలియదు.

జులై

ఎండాకాలంలో అబూ సాలెం కబురు పంపితే వెళ్ళాను. ఆ ముసలావిడ చెట్టు కింద కుర్చీలో ఉంది. కొడుకు సగం పండిన పండు ఒకటి తుంచి చేతిలో పెట్టాడు. ఆవిడ నెమ్మదిగా నమిలి, గింజ అరచేతిలోకి తీసి చూసుకుంది. ఇంకోటి అడిగింది. తర్వాత తలెత్తి, ఎర్ర రిబ్బన్లు కట్టిన ఆ గిడసబారిన గెలల వైపు చూపించి ఏదో అడిగింది. అబూ సాలెం జవాబు చెప్పాడు. ఏమన్నావని నేను అడిగాను.

"ఈ ఏడు గాలి సరిగ్గా లేదు అన్నాను. మనుషులు చేశారంటే బాధపడుతుంది."

నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. కేంద్రం చేసిన తప్పును ఆయన తల్లి ముందు గాలి మీదకు నెట్టి మమ్మల్ని కాపాడాడు.

ఎగ్జిబిషన్‌కు నేను వెళ్ళలేదు. కరీం వెళ్ళాడు కాబట్టి వెళ్ళినట్టే. పెద్ద హోటల్ హాలు, వెండి పళ్ళెం, దాని మీద చిన్న చిన్న పసుపు కాయలు. "గింజ లేని ఖలాస్: ఖతర్ భవిష్యత్తు" అని బోర్డు. పెద్దలు ఒక్కోటి నోట్లో పెట్టుకుని, నమలడం మెల్లగా ఆపేశారట. మర్యాదగల దేశం కాబట్టి ఎవరూ ఊసేయలేదు. తోట యజమానిగా అబూ సాలెంను రెండు మాటలు చెప్పమన్నారు. ఆయన మైకు పట్టుకుని అన్నాడట, "ఈ ఖర్జూరం మా ఇంట్లో అందరికంటే మా మేకలకు బాగా ఇష్టం."

ప్రభాకర్ గారు అందరితో పాటు చప్పట్లు కొట్టారు.

కరీం ఇదంతా చెప్పి, తీరిగ్గా అన్నాడు. "కానీ మేడమ్, మంచిగున్నవన్నీ ఏరి పారేయమన్నడు. నాకు మస్తు బాధైంది."

"మంచిగున్నవా? ఎక్కడివి?"

"అమ్మ చెట్టు ఎర్ర రిబ్బన్ గెలలల్ల కొన్ని బొద్దుగున్నయ్. పెద్ద కాయలు. తియ్యగున్నయ్. వాట్ల గింజలున్నయని ముదీర్ సాబ్ కోపం చేసిండు, పళ్ళెంల కనబడొద్దన్నడు. పారేసుడు ఎందుకని వ్యాన్‌ల కూసోని నేనే తిన్న."

నేను కుర్చీలోంచి లేచిపోయాను. సంచుల్లో ఉన్న గెలలకు బయటి పుప్పొడి అందదు. గింజ ఉన్న ఆ కాయలే ప్రాజెక్టు మొత్తంలో పనిచేసినవి. అంత సీసాలో బతికిన ఆ కాసిన్ని పెద్ద రేణువుల ఫలితం ఆ గింజలు. వాటిని ముదీర్ ఏరి పారేయించారు, కరీం తినేశాడు.

"గింజలేవి కరీం?"

"గింజలా? ఊసిన."

"ఎక్కడ?"

"అల్ ఖోర్ రోడ్డు పొంటి. కిటికీల నుంచి."

డాక్టరేట్ ఉన్నదాన్ని వ్యాన్ నేల మీద మోకాళ్ళ మీద కూర్చుని సీట్ల కింద చెయ్యి పెట్టి వెతికాను. కరీం పరువుపోయిన మొహంతో రెండో వైపు వెతికాడు. చాయ్ కప్పు పెట్టే గూట్లో కొన్ని దొరికాయి. రోడ్డు మీద పోలీసు చూస్తాడని కిటికీ ఎత్తినప్పుడు ఊసినవట. ఆ పోలీసుకు నేను ఇప్పటికీ రుణపడి ఉన్నాను.

మొదటి వరస చివర

ప్రభాకర్ గారికి ఆ ప్రాజెక్టు మీద ఒక అవార్డు వచ్చింది. తర్వాత ఇంకా పెద్ద టవర్‌లో ఇంకా పైఅంతస్తుకు వెళ్ళారు. అక్కడ ఆయన కింద పనిచేసే పిల్లలకు నా సానుభూతి.

గూట్లో దొరికిన గింజల్లో ఎక్కువ భాగం కుళ్ళిపోయాయి. ఒక్కటి మొలిచింది. దాని వేరు కొస తీసి చూశాను. ఖర్జూరంలో ముప్పై ఆరు క్రోమోజోములు ఉండాలి. ఇందులో యాభై నాలుగు ఉన్నాయి. మూడు వాటాలు. ఎన్నిసార్లు లెక్కపెట్టినా యాభై నాలుగే వచ్చింది. నా వృత్తి జీవితంలో నా కళ్ళతో చూసిన ఒకే ఒక్క గెలుపు అది. అబూ సాలెం దాన్ని మొదటి వరస చివర, తల్లి చెట్టుకు ఎదురుగా నాటించాడు. ఆవిడ పోయేముందు దానికి నీళ్ళు పెట్టమని రెండుసార్లు చెప్పిందట.

ఏళ్ళు గడిచాయి. నేను రిటైరయ్యే ఏడు అది మొదటిసారి పూసింది. పోయి చూశాను. మగ చెట్టు.

ఇక ఎన్నేళ్ళు నిలబడినా దానికి ఒక్క కాయ కాయదు. దాని పుప్పొడి కూడా చూశాను, నా ఉద్యోగంలో చివరి స్లైడ్ అదే. మూడు వాటాలను రెండుగా పంచడం ఏ దారానికీ చేతకాదు. రేణువులు దాదాపు అన్నీ ఖాళీ.

అబూ సాలెం అప్పటికే దానికి పేరు పెట్టుకున్నాడు. ముదీర్.

"ఎందుకంటే, చూడు దుక్తూరా," అని చేత్తో చూపించాడు. "ముందు వరసలో ఉంటాడు. పొడుగ్గా ఉంటాడు. పెద్ద పెద్ద పూగెలలు వేస్తాడు. ఫొటోలో బాగుంటాడు. పని మాత్రం మాఫీ."

నవ్వాను. నవ్వి మళ్ళీ ఆ చెట్టును కిందినుంచి పైదాకా చూశాను. అన్నేళ్ళ పని, ఆ ముళ్ళు, ఆ ఒక్క చుక్క, అన్నీ కలిపి ఇది.

"కొట్టేయకూడదా మరి? ఆ జాగాలో ఇంకో ఖలాస్ వస్తుంది కదా," అన్నాను.

అబూ సాలెం నన్ను వింతగా చూశాడు.

"ఎందుకు కొడతాను? అమ్మ చెట్టు బిడ్డ వీడు. పైగా నీడ ఇస్తాడు. అసలు ముదీర్ అదీ ఇవ్వలేదు."